పొద్దున్నే మోగాల్సిన ఫోన్ ఎందుకు మోగలేదు?

ఫోన్ సందేహాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ ప్రశ్నలు చదువుతుంటే మన విశాఖలో తెల్లవారకముందే లేచేవాళ్ళు ఎంతమందో అర్థమైంది. షిఫ్టు డ్యూటీ, సముద్రంలో వేట, ఇంటర్ చదువు, పరగడుపున వేసుకోవాల్సిన మందుబిళ్ళ, అన్నీ మంచం పక్కన పెట్టుకున్న ఫోన్ మీదే నడుస్తున్నాయి. అందుకే ఈ సంచికలో నా పేజీలన్నీ అలారానికే ఇచ్చేశాను. మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి, తప్పకుండా రాస్తాను.

ప్రశ్న: మేడమ్, నేను స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పనికి వెళ్తాను. ఎ షిఫ్టు పడితే ఉదయం 6 గంటలకి డ్యూటీలో ఉండాలి, అంటే నాలుగున్నరకే లేవాలి. మామూలు అలారం నిద్రలోనే ఆపేస్తున్నానని, లెక్క చేస్తేగానీ ఆగని అలారం యాప్ ఒకటి వేసుకున్నాను. రెండు వారాలు బాగానే మోగింది. తర్వాత ఒకరోజు మోగితే ఇంకోరోజు మోగడం లేదు. పోయిన వారం డ్యూటీ అందుకోలేక ఒకరోజు కూలి పోయింది. నువ్వే ఆపేసి పడుకుని ఉంటావని ఇంట్లో అంటున్నారు. పెట్టిన అలారం అసలు మోగకుండా ఉంటుందా? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: ఉంటుంది. ముందు ఈ ఒక్క మాట ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించండి. ఇలాంటి ఉత్తరాల్లో నాకు బాధ కలిగించేది ఇదే, మోగనిది ఫోను, మాట పడేది మనిషి.

మనం అలారం పెట్టాక ఆ యాప్ రాత్రంతా మేలుకుని గడియారం చూస్తూ కూర్చోదు. నాలుగున్నరకి నన్ను లేపు అని ఆండ్రాయిడ్‌కి ఒక చీటీ రాసిచ్చి తనూ పడుకుంటుంది. టైముకి ఆ చీటీ చూసి యాప్‌ని లేపాల్సిన పని ఆండ్రాయిడ్‌ది, లేచి మిమ్మల్ని లేపాల్సిన పని యాప్‌ది. ఈ రెండిటి మధ్య ఎక్కడ తెగినా మీకు తెలిసేది పొద్దున్నే, అది కూడా తెల్లారిపోయాక.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్‌కి డోజ్ అనే పద్ధతి వచ్చింది. చార్జింగ్‌లో లేకుండా, స్క్రీన్ ఆరిపోయి, కదలకుండా కొంతసేపు పడి ఉంటే ఫోన్ కూడా నిద్రలోకి జారుకుంటుంది, యాప్‌లు ఇచ్చిన మామూలు చీటీలన్నీ పక్కన పెట్టేసి, మధ్యమధ్యలో లేచి అన్నీ ఒకేసారి చూస్తుంది, రాత్రి గడిచేకొద్దీ ఆ లేవడం కూడా దూరం దూరమైపోతుంది. బ్యాటరీకి ఇది మంచిదే. అయితే అలారం గడియారాల కోసం ఆండ్రాయిడ్‌లో వేరే రకం చీటీ ఉంది. అది ఇస్తే ఫోన్ ఎంత నిద్రలో ఉన్నా ఆ సమయానికి కాస్త ముందే లేచి సిద్ధంగా ఉంటుంది. శ్రద్ధగా తయారుచేసిన యాప్ ఈ చీటీనే వాడుతుంది. మీ యాప్ వాడుతోందో లేదో మీరే చూసుకోవచ్చు. అలారం పెట్టిన తర్వాత స్క్రీన్ పైన, బ్యాటరీ గుర్తు ఉండే వరసలో, చాలా ఫోన్లలో చిన్న అలారం గడియారం బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ రాకపోతే ఆ యాప్‌ని డ్యూటీ రోజు నమ్మకండి.

మా నాన్న పోర్టులో షిఫ్టులు చేసేవారు. ఇంట్లో ఒక టైంపీసు ఉండేది, రాత్రి భోజనం అయ్యాక దానికి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని టిక్ టిక్ విని, అప్పుడు గూట్లో పెట్టేవారు. ఒక్క రాత్రి కూడా మానలేదు. పడుకునే ముందు ఆ బొమ్మ చూసుకోమని నేను ఇన్నిసార్లు చెప్పడానికి కారణం అదే.

ఇక మీ ఫోన్‌లో రెండు వారాల తర్వాత ఏం జరిగి ఉంటుందంటే, చాలా కంపెనీలు ఆండ్రాయిడ్ మీద తమ సొంత బ్యాటరీ పొదుపు ఏర్పాట్లు పెడతాయి. మీరు పెద్దగా తెరవని యాప్‌ని కొన్నాళ్ళు గమనించి, ఇది అక్కర్లేనిదనుకుని పడుకోబెట్టేస్తాయి. అలారం యాప్ అంటే మనం రోజూ తెరిచి చూసేది కాదు కదా, ఒకసారి పెట్టి వదిలేస్తాం, అందుకని ముందు వేటు దాని మీదే పడుతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్ళి, మీ అలారం యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ అని ఉన్నది ఎంచుకోండి. ఆటోస్టార్ట్ అనేది ఉంటే, అంటే యాప్ తనంతట తానే లేవడానికి ఇచ్చే అనుమతి, అది ఆన్ చేయండి. 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చినప్పటి నుంచి సరిగ్గా ఆ నిమిషానికి మోగడానికి వేరే అనుమతి ఉంది, సెట్టింగ్స్‌లో అలారమ్స్ అండ్ రిమైండర్స్ అనే పేరుతో కనిపిస్తుంది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకి అది ముందుగా ఇచ్చి ఉండదు, మనమే ఇవ్వాలి. అచ్చంగా అలారం పనికే తయారైన యాప్‌లు అడగక్కర్లేకుండా దాన్ని తీసుకునే దారి ఒకటి ఉంది, అయినా ఒకసారి చూడటం మంచిది. నోటిఫికేషన్ల అనుమతి కూడా చూడండి, ఆండ్రాయిడ్ 13 నుంచి ప్రతి యాప్ దాన్ని విడిగా అడుగుతుంది, విసుగులో వద్దు అని నొక్కేసి ఉంటే అలారం తెర మీదకి రాలేదు.

ఇంకొకటి. ఫోన్ వేడెక్కుతోందనో, నెమ్మదించిందనో క్లియర్ ఆల్ కొట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. యాప్‌ని ఫోర్స్ స్టాప్ చేస్తే, అంటే సెట్టింగ్స్‌లోంచి పూర్తిగా ఆపేస్తే, అది రాసిచ్చిన చీటీలన్నీ చిరిగిపోయినట్టే, మళ్ళీ యాప్ తెరిచేదాకా అలారం లేదు. కొన్ని ఫోన్లలో యాప్‌ని పక్కకి తోసేసినా ఫోర్స్ స్టాప్ చేసినంత పనీ అవుతుంది. ఫోన్ శుభ్రం చేస్తామని చెప్పే క్లీనర్ యాప్ ఏదైనా ఉంటే ఈరోజే తీసేయండి.

ఇవన్నీ చేశాక పరీక్ష పెట్టండి. రెండు నిమిషాల తర్వాతకి అలారం పెట్టి, మోగింది కదా అని తృప్తిపడితే లాభం లేదు, రెండు నిమిషాల్లో ఫోన్ నిద్రపోదు. సెలవు రోజు మధ్యాహ్నం చార్జర్ తీసేసి, ఫోన్ బల్ల మీద కదపకుండా, రెండు మూడు గంటల తర్వాతకి పెట్టి చూడండి. అయినా సరే ఎ షిఫ్టు వారంలో మాత్రం ఫోన్‌తో పాటు వచ్చిన గడియారం యాప్‌లోనే నాలుగున్నరకి పెట్టుకోండి, లెక్కల యాప్‌ని నాలుగూ ముప్పై అయిదుకి రెండోదిగా ఉంచుకోండి. ఫోన్‌తో వచ్చినదాన్ని ఆ కంపెనీ బ్యాటరీ పొదుపు సాధారణంగా ముట్టుకోదు. కూలి పోయే పనికి మొదటి నమ్మకం దాని మీదే పెట్టాలని నా అభిప్రాయం.

ఇంట్లో వాదన తీరడానికి ఒక ఆధారం కూడా చెప్తాను. గూగుల్ క్లాక్ లాంటి యాప్‌లో అలారం మోగి మోగి ఎవరూ ఆపకపోతే కాసేపటికి దానంతటదే ఆగి, తప్పిన అలారం అని నోటిఫికేషన్ వదులుతుంది. అది కనిపిస్తే ఫోన్ మోగింది, మీకు మెలకువ రాలేదు.

ప్రశ్న: మాది పెద జాలరిపేట. బోటు మీద వేటకి వెళ్తే పది పదిహేను రోజులు సముద్రంలోనే ఉంటాం. అక్కడ సిగ్నల్ ఉండదు, నెట్ ఉండదు. రాత్రి వంతులవారీగా కాపలా, నా వంతుకి లేవాలి. సిగ్నల్ లేకపోతే అలారం మోగుతుందా, టైం తప్పిపోతుందా? (ఒక పాఠకుడు)

జవాబు: మోగుతుంది తమ్ముడూ, నిశ్చింతగా పెట్టుకో. అలారానికి సిగ్నల్‌తో పనే లేదు. ఫోన్ లోపల గోరంత కూడా లేని స్ఫటికం ముక్క ఒకటి ఉంటుంది, సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, ఆ కంపనాలు లెక్కపెట్టి ఫోన్ టైం తెలుసుకుంటుంది. చేతి గడియారాల్లో ఉండేదీ అదే. దానిలో వచ్చే తేడా రోజుకి ఒకటి రెండు సెకన్లు, అంటే పదిహేను రోజుల వేటకి అర నిమిషం అటూ ఇటూ. ఒడ్డుకి రాగానే నెట్‌వర్క్ ఆ కాస్తా సరిచేసేస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేక, టవర్లు పడిపోయి మన ఊళ్ళో ఫోన్లు మూగబోయాయి కదా, ఆ రోజుల్లో కూడా చార్జింగ్ ఉన్నంతవరకు అలారాలు టైముకి మోగాయి. మా ఇంట్లో అది మోగినప్పుడల్లా ఫోన్ వచ్చిందేమోనని అందరం లేచి చూసేవాళ్ళం.

నువ్వు చూసుకోవాల్సింది చార్జింగ్. సిగ్నల్ దొరకని చోట ఫోన్ దాని కోసం వెతుకుతూనే ఉంటుంది, ఆ వెతుకులాటకే బ్యాటరీ సగం అయిపోతుంది. లోపలికి వెళ్ళాక ఏరోప్లేన్ మోడ్ పెట్టు, అలారం అందులోనూ మోగుతుంది. తీరం దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం తీసెయ్, తుపాను హెచ్చరికలు అందాలి. నెట్ నుంచి వచ్చే పాటని టోన్‌గా పెట్టకు, ఫోన్‌లో ఉన్న టోనే పెట్టుకో. తడవకుండా ప్లాస్టిక్ సంచీలో పెడతారు కదా, దానిలో శబ్దం బాగా తగ్గిపోతుంది, పైగా ఇంజిన్ మోత. కాబట్టి వైబ్రేషన్ ఆన్ చేసి ఒంటికి ఆనేలా పెట్టుకో, బొడ్లోనో, చొక్కా జేబులోనో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న ఆ 61 రోజులూ అలారం తీసేయక్కర్లేదు, పక్కనున్న స్విచ్ ఆపితే చాలు, మళ్ళీ వేట మొదలైన రోజు ఆన్ చేసుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదువుతానని అలారం పెడతాడు, ఆరుసార్లు స్నూజ్ నొక్కి ఆరింటికి లేస్తాడు, లేచాక కూడా గంటసేపు మొద్దుగానే ఉంటాడు. రాత్రి పన్నెండున్నర దాకా చదువుతూనే ఉంటాడు, అందులో లోటు లేదు. స్నూజ్ అనేదే లేకుండా కచ్చితంగా లేపేసే యాప్ ఏదైనా చెప్పండి. (ఒక తల్లి, ఎంవీపీ కాలనీ)

జవాబు: యాప్ చెప్తాను అమ్మా, కానీ అది చెప్పేసి ఊరుకోలేను.

అలార్మీ అని కొరియావాళ్ళ యాప్ ఒకటి చాలా ప్రసిద్ధి. లెక్క చేస్తేనే ఆగుతుంది, లేదా ఫోన్‌ని ఇన్నిసార్లు ఊపితే ఆగుతుంది, లేదా మనం ముందే ఎంచుకున్న చోటికి వెళ్ళి ఫొటో తీస్తేనో, ఒక వస్తువు బార్‌కోడ్ చూపిస్తేనో ఆగుతుంది. వాడేవాళ్ళకి నేను బార్‌కోడే పెట్టుకోమంటాను, బాత్‌రూమ్‌లో ఉండే టూత్‌పేస్ట్ పెట్టె దానికి సరిపోతుంది, ఎందుకంటే లెక్కలు మంచం మీద నుంచే చేసేయొచ్చు, పేస్ట్ దగ్గరికి మాత్రం నడవాలి. గాజువాక పాఠకుడికి చెప్పిన సెట్టింగ్స్ అన్నీ దీనికీ చేయాలి. స్నూజ్ ఎన్నిసార్లు దొరకాలో కూడా అందులో పెట్టుకోవచ్చు, అసలు లేకుండానూ చేయొచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. పన్నెండున్నరకి పడుకుని నాలుగింటికి లేస్తే మూడున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తున్నారు. మీ అబ్బాయి ఆరుసార్లు నొక్కేది బద్ధకంతో కాదు. ఒళ్ళు తనకి రావాల్సిన బాకీ అడుగుతోంది. ఈ వయసులో లోపలి గడియారం కూడా సహజంగానే వెనక్కి జరుగుతుంది, పెద్దవాళ్ళకి పదింటికి వచ్చే నిద్ర వాళ్ళకి ఇంకా ఆలస్యంగా వస్తుంది, పొద్దున మెలకువా ఆలస్యమే. పైగా పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే, ఆ నిద్ర కోసేస్తే పన్నెండున్నర దాకా పడ్డ కష్టంలో కొంత వృథా అవుతుంది. నాలుగింటికి లేపే యాప్ దొరికితే వాడు లేస్తాడు, కానీ పుస్తకం ముందు కూర్చుని నిద్రపోతాడు.

లేచాక మొద్దుగా ఉంటాడన్నారు కదా, దానిలో వింతేమీ లేదు. గాఢనిద్రలోంచి ఉలిక్కిపడి లేచినప్పుడు మెదడు పూర్తిగా తేరుకోవడానికి మామూలుగా పావుగంట, అరగంట పడుతుంది, నిద్ర చాలనివాళ్ళకి ఇంకా ఎక్కువ. స్నూజ్ నొక్కిన ప్రతిసారీ ఆ మత్తులోకి జారి మళ్ళీ లేవాలి. స్నూజ్ గడియారాన్ని 1956లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌వాళ్ళు అమ్మకానికి తెచ్చారు, ఇప్పటికీ ఐఫోన్‌లో మామూలుగా వచ్చే స్నూజ్ 9 నిమిషాలు, గూగుల్ క్లాక్‌లో 10. ఇలాంటి చిన్న చిన్న ముక్కల్లో ఒంటికి కావలసిన లోతైన నిద్ర దొరకదు. ఆరుసార్లు నొక్కి వాడు పోగొట్టుకున్న ఆ రెండు గంటలూ చదువుకీ రాలేదు, నిద్రకీ రాలేదు. నాలుగుకి బదులు ఆరింటికే ఒక్క అలారం పెట్టుకుని ఉంటే కనీసం నిద్రైనా దక్కేది.

నేనైతే ఇలా చేస్తాను. రాత్రి చదువు తొమ్మిదిన్నరకో పదికో ఆపించి, ఒక్కటే అలారం, ఐదున్నరకో ఆరుకో, స్నూజ్ లేకుండా. ఫోన్ చదువుకునే బల్ల మీద ఉండాలి, మంచానికి చెయ్యి అందేంత దూరంలో వద్దు. టోన్ అదిరిపోయేలా అక్కర్లేదు, రాగం ఉన్న టోన్‌తో లేచినవాళ్ళకి కీచుమనే బీప్‌లతో లేచినవాళ్ళ కంటే మత్తు తక్కువగా అనిపించిందని 2020లో ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించారు. లేవగానే కిటికీ తెరవండి. తూర్పున సముద్రం ఉన్న ఊరు మనది, మే నెలలో ఐదున్నరకల్లా వెలుగు వచ్చేస్తుంది, ఆ వెలుగు కంట్లో పడితే లోపలి గడియారం రోజురోజుకీ కాస్త ముందుకి జరుగుతుంది. ఒక పది రోజులు చేసి చూసి నాకు మళ్ళీ రాయండి. కాలేజీవాళ్ళు నాలుగింటికే లేవమన్నారంటే అది వాళ్ళతో మాట్లాడాల్సిన విషయం, పిల్లవాడితో కాదు.

ప్రశ్న: నా వయసు 71. చెవులు కాస్త మందగించాయి. మా ఆవిడకి థైరాయిడ్ బిళ్ళ రోజూ ఆరింటికి పరగడుపున ఇవ్వాలి. ఒక రాత్రి ఫోన్ దానంతటదే అప్‌డేట్ చేసుకుని, ఆరిపోయి మళ్ళీ వెలిగింది. ఆ పొద్దున అలారం మోగలేదు. అప్‌డేట్‌కీ అలారానికీ ఏమిటమ్మా సంబంధం? (ఒక పాఠకుడు, పెదవాల్తేరు)

జవాబు: సంబంధం ఉందండీ. ఫోన్ ఆరి వెలిగితే యాప్‌లు ఇచ్చిన అలారం చీటీలన్నీ చెరిగిపోతాయి. వెలిగాక ప్రతి యాప్ మళ్ళీ రాసివ్వాలి. కానీ మీరు పిన్ కొట్టి తాళం తీసేదాకా ఫోన్‌లోని సమాచారమంతా తాళంలోనే ఉంటుంది కాబట్టి, చాలా యాప్‌లకి అసలు లేవడానికే వీలుండదు. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి తాళం తీయకముందే అలారం మోగేలా ఒక వెసులుబాటు ఇచ్చారు, అయితే యాప్ తయారుచేసినవాళ్ళు దాన్ని వాడుకుని ఉండాలి. ఫోన్‌తో వచ్చిన గడియారాలు సాధారణంగా వాడుకుంటాయి, బయట నుంచి వేసుకున్నవాటిలో కొన్నిటికి అది లేదు. మీరు ఫోన్‌లోని గడియారానికి మారండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ సెట్టింగ్‌లో రాత్రిపూట దానంతటదే చేసుకోవడం ఆపేసి, పగలు కాఫీ తాగాక మీరే చేసుకోండి.

చెవుల సంగతి. వయసుతో ముందు తగ్గేది సన్నటి, కీచు శబ్దాలు వినడం. పొగ వస్తే మోగే అలారాల మీద చేసిన పరీక్షల్లో 3,100 హెర్ట్‌జ్ దగ్గర కీచుమనే శబ్దం కంటే 520 హెర్ట్‌జ్ దగ్గర మోగే బొంగురు శబ్దానికి వినికిడి తగ్గినవాళ్ళు బాగా ఎక్కువగా లేచారు. కాబట్టి టోన్లన్నీ ఒక్కొక్కటే వినిపించుకుని, మీకు నిండుగా, బొంగురుగా వినిపించేది ఎంచుకోండి. వైబ్రేషన్ ఆన్ చేసి ఫోన్‌ని స్టీలు పళ్ళెంలో పెట్టండి, పళ్ళెం మోత గది అవతలికి వినిపిస్తుంది. ఆండ్రాయిడ్ 14, ఆ పైన ఉన్న ఫోన్ అయితే యాక్సెసిబిలిటీలో ఫ్లాష్ నోటిఫికేషన్స్ అని ఉంటుంది, అలారం మోగినప్పుడు కెమెరా లైటు మిణుకు మిణుకుమంటుంది. మణికట్టుకి కట్టుకునే స్మార్ట్ బ్యాండ్ మీ అబ్బాయో అమ్మాయో కొనిపెడితే అన్నిటికంటే మేలు, ఆవిడ నిద్ర చెడకుండా మీ చెయ్యి మాత్రమే అదురుతుంది. తలగడ కింద మాత్రం ఫోన్ పెట్టకండి, చార్జింగ్‌లో ఉంటే అసలే పెట్టకండి, వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఆ బిళ్ళ వేసుకున్నాక అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదని, కాఫీ కూడా వద్దని డాక్టర్లు చెప్తారు కదా, ఏడింటికి రెండో అలారం పెట్టి దానికి ఇప్పుడు కాఫీ అని పేరు రాసుకోండి. అలారానికి లేబుల్ రాసే చోటు ఉంటుంది, తెలుగులోనే రాసుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చి వాళ్ళ టైం ప్రకారం సాయంత్రం ఏడింటికి ఖాళీగా ఉంటుంది. ఐదున్నరకి అలారం పెట్టుకుని ఫోన్ చేస్తుంటాను. నవంబరు రాగానే ఇంకా రాలేదమ్మా, డ్రైవింగ్‌లో ఉన్నాను అంటుంది. (ఒక గృహిణి, సీతమ్మధార)

జవాబు: వాళ్ళు గడియారం మార్చుకుంటారు, మనం మార్చుకోం, అంతే. అక్కడ మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. డాలస్‌లో సాయంత్రం 7 అంటే వేసవికాలం లెక్కలో మనకి మర్నాడు ఉదయం 5:30, చలికాలం లెక్కలో 6:30. మీ ఫోన్‌లోని అలారానికి డాలస్ సంగతి తెలియదు, మీరు చెప్పిన ఐదున్నరకే మోగుతుంది. ఏడాదికి రెండుసార్లు మీరే మార్చుకోవాలి, లేదా గూగుల్ క్యాలెండర్‌లో అమ్మాయికి ఫోన్ అని రోజూ వచ్చేలా రాసి, టైం జోన్ దగ్గర అమెరికా సెంట్రల్ టైం ఎంచుకుని సాయంత్రం 7 అని పెడితే అదే జరుపుకుంటుంది. అయితే క్యాలెండర్ ఒక్కసారి టింగుమంటుంది తప్ప అలారంలా మోగుతూ ఉండదు, కాబట్టి అప్పటికే లేచి ఉండేవాళ్ళకే అది పనికొస్తుంది. చలికాలంలో మీరు ఇంకో గంట పడుకోవచ్చు.

ప్రశ్న: కొత్తగా ఐఫోన్ తీసుకున్నాను. ఆండ్రాయిడ్‌లో అలారానికి వేరే వాల్యూమ్ ఉండేది, ఇందులో ఎక్కడ పెంచాలో తెలియడం లేదు. సైలెంట్‌లో పెడితే అలారం మోగుతుందా? (హాస్టల్లో ఉండే ఉద్యోగిని, మధురవాడ)

జవాబు: సైలెంట్‌లో ఉన్నా, డు నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా ఐఫోన్‌తో వచ్చిన గడియారం మోగుతుంది. వాల్యూమ్ మాత్రం రింగ్‌టోన్‌దీ, దీనిదీ ఒకటే. సెట్టింగ్స్‌లో సౌండ్స్ అండ్ హ్యాప్టిక్స్ తెరిచి అక్కడ పెంచుకోండి, దాని కిందే చేంజ్ విత్ బటన్స్ అని ఉంటుంది, అది ఆపేయండి, లేకపోతే పక్క బటన్ నొక్కి రింగ్‌టోన్ తగ్గించినప్పుడల్లా అలారమూ తగ్గిపోతుంది. మోగడం మొదలయ్యాక మీరు ఫోన్ వైపు చూడగానే శబ్దం తగ్గుతుంటే భయపడకండి, ఫేస్ ఐడీ సెట్టింగ్‌లో అటెన్షన్ అవేర్ ఫీచర్స్ అని ఒకటి ఉంది, దాని పని అదే, వద్దనుకుంటే ఆపుకోవచ్చు. చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టుకుని పడుకున్నా అలారం ఫోన్ స్పీకర్లోంచి కూడా వస్తుంది, రూమ్‌మేట్ నిద్ర ఎలాగూ పోతుంది.

బయటి అలారం యాప్‌లు వేసుకునే ఆలోచన ఉంటే, 2025లో వచ్చిన ఐఓఎస్ 26 అనే ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌కి ముందు వాటిలో చాలావాటికి నోటిఫికేషన్ మోగించడమే దారి, సైలెంట్‌లో ఉంటే అది వినిపించేది కాదు. ఐఓఎస్ 26లో వాటికీ సైలెంట్‌ని దాటి మోగే వీలు ఇచ్చారు. స్నూజ్‌ని 1 నుంచి 15 నిమిషాల దాకా మార్చుకునే సదుపాయం కూడా అందులోనే వచ్చింది.

ప్రశ్న: ఉచిత అలారం యాప్ ఒకటి వేసుకుంటుంటే కాంటాక్ట్స్, లొకేషన్ అడుగుతోంది. ఇవ్వాలా? (ఒక విద్యార్థి, గోపాలపట్నం)

జవాబు: ఇవ్వొద్దు, ఆ యాప్ కూడా వద్దు. నోటిఫికేషన్లు, అలారమ్స్ అండ్ రిమైండర్స్, బ్యాటరీ మినహాయింపు, ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతి, ఇవి అడిగితే అర్థం ఉంది. బార్‌కోడ్ ఉంటే కెమెరా, గురక రికార్డు చేసేదైతే మైకు. నిన్ను లేపడానికి నీ స్నేహితుల నంబర్లతో దానికేం పని?

ప్రశ్న: రాత్రి ఫోన్ స్విచాఫ్ చేసి పడుకోవడం నాకు అలవాటు. వచ్చే వారం పొద్దుటే సికింద్రాబాద్ వందే భారత్ ఎక్కాలి. స్విచాఫ్‌లో అలారం మోగుతుందా? పాత కీప్యాడ్ నోకియాలో మోగేది. (ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం)

జవాబు: పాత నోకియాల్లో నిజంగానే మోగేదండీ, మోగాక ఫోన్ ఆన్ చేయాలా అని కూడా అడిగేది. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకే ఆ సదుపాయం ఉంది, ఐఫోన్‌కి లేదు. మీ ఫోన్‌కి ఉందో లేదో రైలు రోజున పరీక్షించకండి, ఈ ఆదివారమే చూడండి. స్విచాఫ్‌కి బదులు ఏరోప్లేన్ మోడ్ పెడితే కాల్స్ రావు, మెసేజ్‌లు రావు, అలారం మాత్రం మోగుతుంది. డు నాట్ డిస్టర్బ్ పెట్టేవాళ్ళు అందులో అలారాలకి మినహాయింపు ఉందో లేదో చూడాలి, పూర్తి నిశ్శబ్దం ఎంచుకుంటే ఆండ్రాయిడ్‌లో అలారం కూడా ఆగిపోతుంది. ఆ కీప్యాడ్ ఫోన్ ఇంకా ఇంట్లో ఉంటే పారేయకండి. సిమ్ లేకపోయినా ఫరవాలేదు, ఇవాళే చార్జింగ్ పెట్టి, టైం సరిచేసి, రైలు రోజుకి రెండో అలారంగా బీరువా పైన పెట్టుకోండి.